పోలిక లేదు

ఆ ఆదివారం మా ఇంట్లో గొడవ చెవుల గురించి వచ్చింది.

"ఇవి నా చెవులు," అన్నారు మావారు, పేపరు తెచ్చి నా పోపుగిన్నె పక్కన పరిచి.

"కావు," అన్నాను.

"యాభై రెండేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్నాను. నా చెవులు నాకు తెలియవా?"

"అద్దంలో ముందునుంచి చూసుకుంటారు. నేను గీసింది పక్కనుంచి."

పేపరు 'తొలికోడి' దినపత్రిక ఆదివారం అనుబంధం. అందులో ఆఫీసుల్లో మధ్యాహ్నపు నిద్ర మీద ఒక వ్యాసం. దానికి నేను ఫైళ్ళ మీద తల పెట్టి నిద్రపోతున్న ఒక ఉద్యోగిని వేశాను. మావారు దక్షిణామూర్తిగారు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయన క్లాసులో నిద్రపోరు, నిద్ర పుచ్చుతారు. ఆ మాట నేను అనలేదు, మా అమ్మాయి హరిణి అంది.

"రేపు పిల్లలు ఈ చెవులు బోర్డు మీద గీసి పెడతారు. నేనేం చెప్పాలి?"

వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న మా అత్తగారు వర్ధనమ్మగారు చెయ్యి చాపారు. "ఏదీ, ఇటివ్వు."

పేపరు దూరంగా పట్టుకుని చూశారు. దగ్గరగా పట్టుకుని చూశారు.

"నీవి కావురా. ఆ తమ్మె చూడు, కిందికి జారి మళ్ళీ పైకి తిరిగింది. ఇవి మీ నాన్న మేనమామ పానకాలు చెవులు. ఆయన్ని హైమ చూడనైనా లేదు, పాపం."

"మరి నావి?"

"నీవి మా వైపు చెవులు. అదృష్టవంతుడివి."

మావారు కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. గొడవ అంతే. ఇంట్లో పుట్టిన గొడవలు ఇంట్లోనే ఆరిపోతే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

నేను తొలికోడికి పంతొమ్మిదేళ్ళుగా బొమ్మలు వేస్తున్నాను. భోజనాల బల్ల మీదే, వంట అయ్యాక. కథ అచ్చుకు వెళ్ళేముందు ఆదివారం పేజీలు చూసే గోవర్ధన్ ఫోన్ చేసి రెండు ముక్కల్లో చెప్తాడు. "ఆవిడ ఏడుస్తోంది మేడమ్, ఆయన కిటికీ దగ్గర నిలబడ్డాడు." పంతొమ్మిదేళ్ళుగా ఆయన ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. మొదట్లో ఒకసారి ఆ మాట నమ్మి, కుమిలిపోతున్న ఇల్లాలిని వేశాను. అచ్చయ్యాక చదివితే ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది. అప్పటినుంచి కథ మొత్తం చదవందే పెన్సిల్ ముట్టుకోను. బొమ్మ కింద మూలన 'హైమ' అని రెండక్షరాలు పెడతాను. ఊళ్ళో నాకున్న పేరు ఆ రెండక్షరాలే. మిగతా చోట్ల నేను లెక్కల మాస్టారి భార్యను.

చెవుల తర్వాతి వారం ఇంటి యజమాని కథ వచ్చింది. అద్దెకున్నవాళ్ళు స్నానానికి వెళ్ళగానే మోటారు ఆపేసే యజమాని. బాల్కనీలో నిలబడి, స్విచ్ మీద వేలుంచి, వీధిలోకి అమాయకంగా చూస్తున్నట్టు వేశాను. బాగా కుదిరింది. ఎంత బాగా కుదిరిందంటే పాలకొల్లు నుంచి ఒకరు, నూజివీడు నుంచి ఒకరు, చీరాల నుంచి ఒకరు, ఆ బొమ్మ తనదేనంటూ పత్రికకు ఉత్తరాలు రాశారు. ముగ్గురూ ఫోటోలు జతపరిచారు. ఆ ముగ్గురికీ ఒకరితో ఒకరికి ఏ పోలికా లేదు, మోటారు విషయంలో తప్ప.

పత్రికలో కొత్తగా ప్రమాణాల విభాగం అని ఒకటి పెట్టారు. దాని అధిపతి చక్రధర్‌గారు. అంతకుముందు ఆయన సిమెంటు కంపెనీలో నాణ్యత చూసేవారు. మూడు ఉత్తరాలూ ఆయన బల్ల మీదికి చేరాయి. మంగళవారానికి నాకు సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఇకమీదట ప్రచురింపబడు ప్రతి చిత్రమునందలి ఏ ఆకారమునకును జీవించియున్న, గతించిన, లేదా భవిష్యత్తులో జన్మించబోవు ఏ వ్యక్తితోనూ పోలిక ఉండరాదు. సదరు పోలిక లేదని చిత్రకారులు ధ్రువీకరణ సమర్పించవలెను."

గోవర్ధన్‌కి ఫోన్ చేశాను. "పుట్టబోయేవాళ్ళ మొహాలు నాకెలా తెలుస్తాయి, గోవర్ధన్?"

"అందుకే మేడమ్, ఎవరైనా నిపుణులుంటే చెప్పమంటున్నారు."

ఇక్కడే నేను నోరు జారాను. "పోలికల్లో నిపుణులంటే మా అత్తయ్యగారే. పురిటి గుడ్డలో చుట్టిన పిల్లని చూసి ఏడు తరాలు వెనక్కి చెప్తారు. ఆవిణ్ణి పెట్టుకోండి."

గోవర్ధన్ నవ్వాడు. ఫోన్‌లో ఇంకెవరో గొంతు సవరించుకున్నారు. ఆయన నవ్వలేదు. గోవర్ధన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టాడని నాకు అప్పుడు తెలిసింది.

గురువారం పదింటికి చక్రధర్‌గారు ఇద్దరు సహాయకులతో, ఒక ఫైలుతో మా సత్యనారాయణపురం ఇంటికి వచ్చారు.

"అమ్మా, తమరి సామర్థ్యాన్ని మదింపు చేయుటకు సంస్థ పక్షాన వచ్చాం," అన్నారు.

"ముందు మంచినీళ్ళు తాగు నాయనా," అని మా అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "మీ అమ్మగారిది కంకిపాడు వైపా?"

చక్రధర్‌గారి గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "మీకెలా..."

"ఆ నుదురు కోడూరి వాళ్ళది. జుట్టు వెనక్కి పోయినట్టుంటుంది గానీ పోయింది కాదు, పుట్టుకే అంత. మీ తాతకీ అంతేగా?"

"మా అమ్మమ్మగారు కోడూరి వారి ఆడపడుచే!"

సహాయకులిద్దరూ ముందుకు జరిగి మొహాలు చాపారు. మా అత్తగారు ఒకరిని తెనాలికి, ఒకరిని తిరువూరుకి పంపారు. రెండూ నిజమే. రెండోవాడైతే తన మేనత్త గడ్డం తనకు వచ్చిందని ఇరవై ఏడేళ్ళకు తెలుసుకుని గడ్డం తడుముకున్నాడు.

"విద్యార్హత?" అన్నారు చక్రధర్‌గారు, ఫైలు విప్పి.

"ఐదు. ఆరులో చేరాను గానీ వానలు పడ్డాయి."

"అభ్యర్థి సామర్థ్యం మిక్కిలి సంతృప్తికరం" అని రాసుకున్నారు.

అలా మా అత్తగారు డెబ్భై నాలుగో ఏట ఉద్యోగంలో చేరారు. పోలికల నిర్ధారణ సలహాదారు. నియామక పత్రంలో పదకొండు నిబంధనలున్నాయి. నాలుగోది నేను రెండుసార్లు చదివాను: "పోలిక విషయమై సలహాదారు నిర్ణయమే తుది నిర్ణయము. కారణములు అడుగరాదు." దాంతోపాటు రెండు రబ్బరు ముద్రలు ఇచ్చారు. గుండ్రటిది 'పోలిక లేదు'. చదరపుది 'పోలిక ఉంది'. దాని కింద ఎవరి పోలికో రాయడానికి ఒక గీత.

మొదటి వారం నేను ఉషారుగానే ఉన్నాను. ఇంట్లో మనిషేగా అనుకున్నాను. బీమా ఏజెంటు కథకు బొమ్మ వేసి, చారు పొయ్యి మీద ఉండగానే ఆవిడ ముందు పెట్టాను.

"మీసం ఉయ్యూరు వెంకటరత్నానిది," అని చదరపు ముద్ర వేశారు.

మీసం తీసేశాను.

"ఇప్పుడు వాళ్ళ తమ్ముడు."

ఇంకోటి వేశాను. దవడ గన్నవరం డాక్టరుది. ఇంకోటి. కళ్ళు, ఎప్పుడో రేపల్లె రైల్లో ఎదురు సీట్లో కూర్చున్నాయనవి. ఆయన పేరు తెలియకపోయినా, ఇచ్చిన జామకాయ గుర్తుంది కాబట్టి గీత మీద 'జామకాయ ఇచ్చినాయన' అని నాచేత రాయించారు.

"అత్తయ్యగారూ, ఒక్కదానికి కాస్త చూసీ చూడనట్టు..."

"ఇంట్లో నువ్వు నా కోడలివి హైమా. ముద్ర దగ్గర కాదు."

నేను మొహాలు మానేశాను. తర్వాతి కథలో నాయికను వెనకనుంచి వేశాను. జడ కాకుండా ముడి వేశాను, తేలిగ్గా ఉంటుందని.

"రాజ్యలక్ష్మి ముడి. ఎడమకి వాలుతుంది, ఎన్ని పిన్నులు పెట్టినా."

ఆ తర్వాతి వారం పాదాలు మాత్రమే వేశాను. బొటనవేలు పక్కవేలు మా ఆడపడుచుదిట. పాడి పరిశ్రమ వ్యాసానికి గేదెను వేశాను, మనుషుల జోలికే పోకుండా. ఆవిడ గేదెను చూసి చిన్నగా నవ్వారు. "వీరమ్మ గేదె. కుడికొమ్ము లోపలికి తిరిగింది. పాలు చేపడానికి పాట పాడాల్సొచ్చేది."

గేదె విషయంలో నేను ఎదురు తిరిగాను. గేదె వ్యక్తి కాదు కదా అని చక్రధర్‌గారికి రాతపూర్వకంగా అడిగాను. ఆయన విభాగపు కమిటీ రెండున్నర గంటలు కూర్చుంది. తీర్మానం వచ్చింది: "గేదె వ్యక్తి నిర్వచనములోనికి రాదు. అయితే గేదెకు యజమానురాలు వ్యక్తి. గేదె ద్వారా యజమానురాలు గుర్తింపబడు అవకాశమున్నందున గేదెను పరోక్ష వ్యక్తిగా పరిగణించవలెను."

ఆ లెక్కన గుమ్మడికాయ కూడా పరోక్ష వ్యక్తి అయింది. గొడుగు అయింది. తాడు మీద ఆరేసిన లుంగీ అయింది.

పనిలో పనిగా మా అత్తగారు పత్రిక తలకట్టు మీద కూస్తున్న కోడిని చూశారు. "ఈ కోడి మీ పాత ఛైర్మనుగారే కదూ? ఆ మెడ అలా ఎత్తి, ఎవర్నో తిడుతున్నట్టు." ఆఫీసువాళ్ళు గోడ మీదున్న ఫోటోతో పోల్చి చూశారట. ఎవరూ కాదనలేకపోయారు. రెండు వారాలు తొలికోడి కోడి లేకుండా వచ్చింది. అయినా తెల్లారడం మానలేదు.

చివరికి నాకు మిగిలింది ఖాళీ డబ్బా. నల్లగీత చుట్టూ గీసి లోపల ఏమీ వెయ్యకుండా పంపాను. అది కోపంతో చేసిన పని. గుండ్రటి ముద్ర వెంటనే పడింది. కింద 'పోలిక రహిత చిత్రం: హైమ' అని అచ్చేశారు.

"ఈమధ్య మీ బొమ్మలు చాలా నీట్‌గా ఉంటున్నాయండీ," అంది పక్కింటి కనకదుర్గ. మహిళా కళాశాల వాళ్ళు 'శూన్యంలో స్త్రీ వేదన' అనే అంశం మీద మాట్లాడమని పిలిచారు. ఏలూరు నుంచి ఒక రిటైర్డ్ తహశీల్దారుగారు మాత్రం, ఆ నున్నటి తెల్లని ఖాళీ తన బట్టతలను ఉద్దేశించినదేనని, వారం రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే కోర్టుకు వెళ్తానని రాశారు.

ఇలా ఉండగా గోవర్ధన్ ఒక కథ పంపాడు. రాసినావిడ కొత్త. కథ ఇంతే: ఒక ముసలావిడ రైలు దిగి, తన ఊరి పేరు మరిచిపోతుంది. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుంటుంది. పోలీసులు వస్తారు, వెళ్తారు. టీ అమ్మే అతను, పూలావిడ, పోర్టరు, అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆవిడ మొహంలోకి చూస్తారు, ఎవరింటి మనిషో ఆనవాలు పట్టడానికి. 

ఆ కథకు ఖాళీ డబ్బా పంపడానికి నాకు చెయ్యి రాలేదు. మొహం వేశాను. ఎవర్నీ తలుచుకోలేదు. ఒక్క ఊపులో వచ్చింది, రబ్బరు పట్టుకోలేదు. పెదవి కింద ఒక గీత పడింది. భయపడుతున్నానని ఎవరికీ తెలియకూడదని భయపడే మనిషి గీత అది. పంతొమ్మిదేళ్ళలో అలా వచ్చిన బొమ్మలు ఏడో ఎనిమిదో ఉంటాయి.

అత్తగారి ముందు పెట్టాను. ఆవిడ చాలాసేపు చూశారు. ఏ ముద్రా తియ్యలేదు.

"ఎవరే ఈవిడ?"

"ఎవరూ కాదు."

"ఎవరూ కాకుండా ఎలా ఉంటుంది?" అని బొమ్మను మడవకుండా తన సంచిలో పెట్టుకున్నారు. నేను రెండు రోజులు అడిగి మానేశాను.

మూడో రోజు నాకు ఇంకో కాగితం వచ్చింది. చక్రధర్‌గారు సమస్యకు శాశ్వత పరిష్కారం కనుక్కున్నారు. హైదరాబాదులో పన్నెండు వేల మొహాలు కంప్యూటరులో కలిపి, ఎవరి పోలికా లేని 'ప్రామాణిక వదనం' ఒకటి తయారు చేయించారు. రెండో శనివారం కమిటీ ముందు సలహాదారుగారి ముద్ర పడుతుంది. ఆ ఆదివారం నుంచి ప్రతి కథకూ, ప్రతి వ్యాసానికీ అదే మొహం. ఏడుపుకీ అదే, పెళ్ళికీ అదే. "తదనుగుణంగా తమ సేవలకు సంస్థ కృతజ్ఞతాపూర్వక విశ్రాంతి కల్పించుచున్నది."

ఆ మొహం నమూనా కూడా జతచేశారు. చూశాను. నలభై ఏళ్ళుండవచ్చు, మీసం ఉండీ లేనట్టుంది. ఆకలి లేదు. కోపం లేదు. ఎవరితోనూ ఎప్పుడూ మాట పడలేదు. పుట్టకముందే రిటైరైన మనిషిలా ఉన్నాడు. నిజంగానే ఎవరి పోలికా లేదు. ఇన్నాళ్ళూ నేను వేసిన వాటన్నిటికీ చదరపు ముద్ర వేసిన ఆవిడ, దీనికి గుండ్రటిది వెయ్యక తప్పదు. మా అత్తగారు అబద్ధం చెప్పరు. పోలికల విషయంలో అస్సలు చెప్పరు. మా పెళ్ళిచూపుల్లో నా ముక్కు చూసి "మీ మేనత్త ముక్కు, గయ్యాళిది కదూ?" అని మా మేనత్త ముందే అడిగిన మనిషి.

రెండో శనివారం పొద్దున్న తొమ్మిదింటికి కారు వచ్చింది. ఆవిడ ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, సంచిలో రెండు ముద్రలూ వేసుకుని బయల్దేరారు.

"వంకాయ కూర చెయ్యి. వచ్చి తింటాను," అన్నారు నాతో.

నేను వంకాయలు తరిగాను. బొమ్మల సామాను బల్ల మీదనుంచి తీసి అట్టపెట్టెలో పెట్టాను. ఇంకు సీసా మూత గట్టిగా బిగించాను. మావారు వచ్చి పెట్టెను చూశారు. పెన్నుల డబ్బా తీసి మళ్ళీ బల్ల మీద పెట్టారు. నేను తీసి పెట్టెలో వేశాను. ఆయన మళ్ళీ తీశారు.

ఒంటిగంటకు కారు చప్పుడైంది. ఆవిడ కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని, కంచం ముందు కూర్చున్నారు. నలుగురం కూర్చున్నాం. ఆవిడ రెండు ముద్దలు తిన్నారు.

"ఉప్పు తక్కువ," అన్నారు.

"నాయనమ్మా! అక్కడ ఏమైంది?" హరిణి ఆగలేకపోయింది.

"ఏమవుతుంది? గోడంత తెర మీద ఆ మొహం వేశారు. ఎవరి పోలికా లేదు. నా బతుకులో అలాంటి మొహం చూళ్ళేదు. అందరూ నా వంకే చూస్తున్నారు."

నేను కంచం పక్కకు జరిపాను. "వేశారా ముద్ర?"

"వేశాను. చదరపుది."

"ఎవరి పోలికని?" అన్నారు మావారు.

"నాదే."

హరిణి నాయనమ్మ మొహంలోకి వంగి చూసింది.

"అమ్మా, అది మగమొహం!"

"ఆ చక్రధరం కూడా అదే అన్నాడు. మీసం తీసేస్తే నేనే కదా, సరిగ్గా చూడు అన్నాను. పక్కన కూర్చున్నవాళ్ళు ఒకసారి తెరనీ ఒకసారి నన్నూ చూశారు. ఒకాయన 'కళ్ళ దగ్గర ఉందండీ, ఉంది' అన్నాడు. నేను బతికున్న మనిషిని, నా మొహం ప్రతి ఆదివారం పేపర్లో వేస్తే ఒప్పుకోనన్నాను. కారణాలు అడక్కూడదుటగా, నాలుగో నిబంధన. వాళ్ళే రాసుకున్నారు." మజ్జిగ గ్లాసు జరుపుకున్నారు. "పన్నెండు వేలమందిని మళ్ళీ కలపాలిట. ఈసారి నన్ను తీసేసి."

"మీరు అబద్ధం..." అన్నాను.

"ఎవరి పోలికా లేనివాణ్ణి ఏ గుమ్మంలోకి రానిస్తారే? వాడు బెంచీ మీద కూర్చుంటే ఎవరొచ్చి తీసుకెళ్తారు?" విసుక్కున్నట్టే అన్నారు. "ఆ ముసలావిడ బొమ్మ గోవర్ధనానికి ఇచ్చాను. చదరపుదే వేశాను. ఎవరి పోలికండీ అన్నాడు. తెలిసినవాళ్ళే వచ్చి చెప్తారు, ముందు అచ్చెయ్యి అన్నాను. రేపు వస్తోంది."

మావారు లేచి చెయ్యి కూడా కడుక్కోకుండా అట్టపెట్టెను కాలితో గోడవైపు తోశారు.

"మరి ఇకమీదట వేసే బొమ్మలు, అత్తయ్యగారూ? వచ్చే వారం మునిసిపల్ కమిషనర్ మీద వ్యాసం ఉంది. మళ్ళీ మీసం, మళ్ళీ దవడ..."

"అదే చెప్పబోతున్నాను, వినండి." ఆవిడ వేళ్ళు కంచం అంచుకు తుడుచుకున్నారు. "పొద్దున్న మీటింగు మొదలయ్యేదాకా రెండు గంటలు ఆ ఆఫీసులో ఖాళీగా కూర్చోబెట్టారు. నా ఎదురుగా నలుగురు ముద్రలు వేస్తున్నారు. ఒక్కడూ కాగితం వంక చూళ్ళేదు. ఒకడు ఫోన్ మాట్లాడుతూ వేస్తున్నాడు, ఒకడు బజ్జీ తింటూ వేస్తున్నాడు. అంత పెద్ద ఆఫీసు అలాగే నడుస్తోంది. నేనొక్కదాన్నే చదువుకోనిదాన్ని, ఇన్నాళ్ళూ ప్రతిదీ చూసి చూసి వేశాను. తప్పు నాదే." పెరుగుగిన్నె వైపు చెయ్యి చాపారు. "సోమవారం నుంచి నేనూ అందరిలా ఉద్యోగం చేస్తాను. గుండ్రటిది ఒక్కటే బయట ఉంచుతాను. నువ్వు గీస్తూ ఉండు, నేను చిక్కుళ్ళు ఒలుచుకుంటూ వేస్తుంటాను."